బుడాపెస్ట్ వేడినీటి స్నానశాలలు: మోకాళ్ళ నొప్పులున్న అమ్మను ఎక్కడికి తీసుకెళ్ళాలి?

అనకాపల్లి_పద్మ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం మ్యూనిక్‌లో ఉంటాం. అమ్మ అనకాపల్లి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. వయసు అరవై ఎనిమిది, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, బీపీకి మాత్ర వేసుకుంటుంది. డిసెంబరు సెలవుల్లో రైల్లో బుడాపెస్ట్ వెళ్దామనుకుంటున్నాం. అక్కడి వేడినీళ్ళు కీళ్ళకు మంచివని మా ఆఫీసులో ఒక హంగేరీ ఆవిడ చెప్పినప్పటి నుంచి అమ్మకి ఒకటే ఆశ.

యూట్యూబ్‌లో ఎక్కడ చూసినా ఆ పసుపు రంగు భవనం, సెచెన్యి స్నానశాల ఒక్కటే కనబడుతోంది. జనం చూస్తే తిరునాళ్ళలా ఉన్నారు. అమ్మ చీర తప్ప కట్టదు, ఇంట్లో అయితే నైటీ. ఈత బట్టలు అంటేనే మొహమాటం. మా పాపకి తొమ్మిదేళ్ళు. ముగ్గురికీ కుదిరే చోటు ఉందా? వెళ్ళొచ్చినవాళ్ళు, అక్కడే ఉంటున్నవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

బుడా_వాసి | ఆదివారం రాత్రి 10:15

పద్మగారూ, ఈ ఊళ్ళోనే ఉద్యోగం, ఇక్కడే కాపురం. వారాంతం పొద్దున్నే స్నానశాలకు వెళ్ళడం మా ఇంట్లో అలవాటైపోయింది కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

మీ అమ్మగారికైతే లుకాచ్ స్నానశాల. రెండో మాట లేదు. డాన్యూబ్ నదికి ఒక ఒడ్డు బుడా, ఇంకో ఒడ్డు పెస్ట్. లుకాచ్ బుడా ఒడ్డున, మార్గరెట్ వంతెన దగ్గర ఉంటుంది. 4 లేదా 6 నంబరు ట్రాము ఎక్కి వంతెన బుడా వైపు దిగితే కొద్దిపాటి నడక. అమ్మగారు నడవలేకపోతే 17, 19, 41 ట్రాములు ఇంకా దగ్గరగా దింపుతాయి. ఫోటోల కోసం వచ్చేవాళ్ళు తక్కువ. ఎక్కువమంది డాక్టరు చీటీ పట్టుకుని వచ్చే ఊరి పెద్దవాళ్ళే. ఇక్కడ ఆరోగ్య బీమా కింద డాక్టరు వేడినీటి చికిత్స రాస్తే ఖర్చులో కొంత ప్రభుత్వం పెట్టుకుంటుంది. ఒక విడతకు 15 సార్లు రాస్తారు. అంటే వీళ్ళకిది విలాసం కాదు, వైద్యం.

లుకాచ్ లోపలి ఆవరణలో పెద్ద పెద్ద చెట్ల కింద గోడ చూపించండి అమ్మగారికి. గోడ నిండా పాలరాతి పలకలు. నడవలేని స్థితిలో వచ్చి నడుచుకుంటూ వెళ్ళినవాళ్ళు కృతజ్ఞతగా చెక్కించి పెట్టినవి, ఎన్నో భాషల్లో. కొన్నిటి మీద అక్షరాలు వానకు అరిగి వేలితో తడిమితే తప్ప తెలియవు. మా ఆవిడ ఇప్పటికీ అక్కడ ఆగకుండా లోపలికి రాదు.

సెచెన్యికి మాత్రం పెద్దావిడను తీసుకెళ్ళకండి. డిసెంబరు సెలవుల్లో లాకరు దొరకడమే కష్టం, బయటి కొలనుకు చలిలో తడి నేల మీద నడవాలి. టికెట్టు పన్నెండు వేల ఫోరింట్ల పైమాటే, మన డబ్బుల్లో మూడు వేలు దాటుతుంది.

కరీంనగర్_సందీప్ | ఆదివారం రాత్రి 11:02

అన్నా, నమస్తే. నేను హంగేరీలనే దెబ్రెత్సెన్ ఊర్ల చదువుకుంటున్న. సెచెన్యిని అట్ల పక్కకు పెట్టెయ్యకుండ్రి. జనం ఉంటరు, నిజమే. కానీ పొద్దుగాల తెరవంగనే పోతే వేరే లోకం. బయట సున్నా డిగ్రీలు, నీళ్ళు 38. ఆవిరి ఎంత దట్టంగ లేస్తదంటే చెయ్యి చాపినంత దూరంల ఉన్న మనిషి ఆనడు. ఆ ఆవిరిల ముసలోళ్ళు నడుం లోతు నీళ్ళల్ల నిలబడి చదరంగం ఆడుతుంటరు. కొలను అంచుకే గళ్ళ బల్ల, దాని మీద పావులు. తడి వేళ్ళతోటి ఏనుగును జరిపి, మళ్ళ చెయ్యి నీళ్ళల్ల ముంచుకుని, పది నిమిషాలు ఆలోచిస్తరు. పక్కన నిలబడి చూస్తే ఏమనరు. నాకు ఒక పెద్దాయన సైగ చేసి, "ఇప్పుడు నువ్వేం ఆడుతవు?" అన్నట్టు అడిగిండు.

అది కేవలం టూరిస్టుల కోసం కట్టింది కాదన్నా. పెస్ట్ జనం కోసం కట్టిన బంగ్లా అది.

పాత_బుడా_చరిత్ర | సోమవారం ఉదయం 7:30

సందీప్ చెప్పిన ఆఖరి మాట చాలా ముఖ్యం, దాన్ని కాస్త విప్పుతాను.

వేడినీటి ఊటలన్నీ బుడా వైపే, కొండల పాదాల దగ్గరే ఉన్నాయి. రోమన్లు తమ అక్వింకుమ్ పట్టణంలో స్నానశాలలు కట్టుకున్నది ఆ ఒడ్డునే, వాటి శిథిలాలు ఇప్పటికీ ఒబుడాలో చూడొచ్చు. 1541 నుంచి 1686 దాకా ఏలిన తురుష్కులు కట్టినవీ అటే. పెస్ట్ వైపు చదునైన మైదానం, ఊట అన్నదే లేదు. అలాంటిచోట వేడినీళ్ళు ఉంటాయని నమ్మి తవ్వినవాడు విల్మొష్ జిగ్మొండి అనే గనుల ఇంజినీరు. 1868లో నగర ఉద్యానంలో బోరు మొదలుపెట్టి 1878 దాకా, పదేళ్ళు తవ్వించాడు. 970 మీటర్ల లోతున 74 డిగ్రీల నీళ్ళు పడ్డాయి. ముందు అక్కడ ఒక తాత్కాలిక స్నానశాల నడిచింది. ఇప్పటి సెచెన్యి భవనానికి నమూనా గీసిన గ్యోజో సీగ్లర్ 1905లో పోయాడు, తలుపులు తెరిచింది 1913లో. తను గీసిన గుమ్మటాల కింద ఆయన ఒక్కసారైనా స్నానం చేయలేకపోయాడన్నది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. 1927లో బయటి కొలనులు చేర్చాక మనం ఫోటోల్లో చూసే రూపం వచ్చింది. 1938లో ఇంకా లోతుగా రెండో బోరు వేశారు.

కాబట్టి సెచెన్యిని "జనం ఎక్కువ" అని తీసేయడం న్యాయం కాదు. లోపల ఉన్న చిన్న చిన్న కొలనుల దగ్గర గుంపు తక్కువ. కానీ అమ్మగారి మోకాళ్ళ సంగతి వేరు, అక్కడ బుడా_వాసి గారి మాటే సరైనది.

గోదావరి_శిల | సోమవారం ఉదయం 10:05

భూగర్భశాస్త్రంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పెస్ట్‌లో పదేళ్ళు తవ్వాల్సి వస్తే, నది దాటితే ఊరికే ఎందుకు ఉబుకుతోంది? ఈ ఊరి కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

బుడా కొండలు సున్నపురాయి, డోలమైటు. వాన పడితే ఆ నీరు పగుళ్ళలోంచి లోతుకు దిగిపోతుంది. డాన్యూబ్ నది పారేది ఒక పెద్ద భ్రంశ రేఖ వెంట, అంటే రాతి పొరలు పగిలి జరిగిన చోటు వెంట. ఆ రేఖకు అవతల, అదే సున్నపురాయి మెట్లబావిలా ఒక్కో అంచె కిందికి కుంగిపోయింది, దాని మీద వందల మీటర్ల బంకమట్టి మూత పడింది. పైగా హంగేరీ మైదానం కింద భూపటలం మామూలుకన్నా పలచన, కాబట్టి లోతుకు పోయేకొద్దీ వేడి త్వరగా పెరుగుతుంది. దిగిన నీరు అక్కడ కాగి, పైకి రావడానికి దారి వెతుక్కుంటుంది. పెస్ట్ వైపు మట్టి మూత అడ్డం. అందుకే నది ఒడ్డు పగులు వెంట బుడా పాదాల దగ్గర పైకి తన్నుకొస్తుంది. ఇవాళ మీరు మునిగే నీరు వేల ఏళ్ళ కిందట కురిసిన వాన. లుకాచ్ ఎదురుగా కొండలో మొల్నార్ యానొష్ అనే గుహ ఉంది. ఈ వేడినీరే రాతిని తొలిచి చేసిన గుహ అది, ఇప్పటికీ నీటితో నిండి ఉంటుంది, డైవర్లు దిగుతారు.

మన భద్రాచలం, మణుగూరు వైపు గోదావరి లోయలో వేడినీళ్ళు రావడానికీ ఇలాంటి భ్రంశాలే దారి. పగిడేరులో సింగరేణి వాళ్ళు ఆ వేడితో కరెంటు తీసే 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం పెట్టారు. భద్రాచలం దగ్గర గుండాల ఊటలకు శుభ్రమైన మెట్లూ, బట్టలు మార్చుకునే గదీ, నీటి వేడి రాసిన బోర్డూ పెడితే ఎంతమంది ముసలివాళ్ళకు ఉపయోగమో! బుడాపెస్ట్ నుంచి మనం నేర్చుకోవలసింది అదే అని నా గట్టి నమ్మకం.

అనకాపల్లి_పద్మ | సోమవారం మధ్యాహ్నం 1:20

ఇన్ని సంగతులు తెలుస్తాయనుకోలేదు. గోదావరి_శిల గారి పోస్టు అమ్మకి చదివి వినిపించాను, శ్రద్ధగా వింది. బీపీ గురించి ఎవరైనా చెప్తారా? 38 డిగ్రీలు అంటే భయంగా ఉంది. బట్టల సంగతి కూడా.

ఫిజియో_మాధవి | సోమవారం మధ్యాహ్నం 3:45

పద్మా, నేను ఫిజియోథెరపిస్టుని, ఎక్కువగా మోకాళ్ళ కేసులే చూస్తాను.

వేడినీళ్ళలో రక్తనాళాలు విప్పారి బీపీ పడిపోతుంది. మాత్ర వేసుకునేవాళ్ళకు అది ఇంకాస్త ఎక్కువ. ప్రమాదం నీళ్ళలో కూర్చున్నప్పుడు కన్నా, లేచి మెట్లెక్కేటప్పుడు. కళ్ళు తిరిగి పడేది అప్పుడే. ముందుగా మీ డాక్టరుతో ఒక మాట మాట్లాడి వెళ్ళండి. అక్కడ 32, 33 డిగ్రీల కొలనుతో మొదలుపెట్టించు, తరువాత 36 డిగ్రీలది. 40, 42 డిగ్రీల వాటి జోలికి అమ్మను పోనివ్వకు. ఒక దఫా పదిహేను నిమిషాలు, మహా అయితే ఇరవై. బయటికొచ్చి తువ్వాలు కప్పుకుని కూర్చోవాలి, నీళ్ళు తాగాలి. ఖాళీ కడుపుతో వద్దు, భోజనం చేసిన వెంటనే వద్దు. కాళ్ళ మీద పుండ్లు గానీ, జ్వరం గానీ ఉంటే ఆ రోజు మానుకోండి.

గుణం సంగతి నిజాయితీగా చెప్తాను. హంగేరీ వైద్యులు మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళ మీద చేసిన పరీక్షల్లో కొన్ని వారాలు వరుసగా ఈ స్నానాలు చేసినవాళ్ళకు నొప్పి తగ్గిందని తేలింది. అరిగిన కీలు మాత్రం తిరిగి రాదు. ఒకటి రెండు రోజుల్లో అద్భుతం జరగదు. కానీ నీళ్ళలో బరువు తేలిపోవడం వల్ల మోకాలు నొప్పి లేకుండా వంగుతుంది. ఆ అరగంటలో అమ్మతో మోకాళ్ళు మెల్లగా వంచి చాపించు, గట్టు పట్టుకుని నాలుగు అడుగులు వేయించు. నొప్పి లేకుండా కాలు కదిలిందన్న ధైర్యం వాళ్ళకి చాలా పెద్ద మందు.

కాళ్ళకు జారని రబ్బరు చెప్పులు తప్పనిసరి. వెండి మెట్టెలూ పట్టీలూ గదిలోనే తీసి పెట్టండి, గంధకం ఉన్న నీటిలో వెండి నల్లబడుతుంది.

బుడా_వాసి | సోమవారం సాయంత్రం 6:10

బట్టల మాట నేను చెప్తాను. కాటన్ టీషర్టు, నైటీ, లెగ్గింగ్స్‌తో నీళ్ళలోకి దిగనివ్వరు. ఈత గుడ్డతో కుట్టినదే కావాలి. అలాగని పొట్టిగా ఉండాలని నియమం లేదు. మోచేతుల దాకా చేతులు, మోకాళ్ళ దాకా కాళ్ళు ఉన్న ఈత దుస్తులు క్రీడా సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. మా అత్తగారు నెల్లూరు నుంచి వచ్చినప్పుడు అవే కొన్నాం. పైన పొడుగాటి బాత్‌రోబ్ వేసుకుని కొలను అంచు దాకా వెళ్ళి, అక్కడ కొక్కానికి తగిలించి దిగిపోయారు. అక్కడ ఒకరినొకరు చూసే తీరిక ఎవరికీ ఉండదు. డెబ్భై ఏళ్ళ హంగేరీ అవ్వలు చేతికర్ర గోడకానించి నిశ్చింతగా దిగుతుంటే మా అత్తగారి బెరుకు దానంతటదే పోయింది.

టికెట్టు కొన్నాక గడియారంలాంటి పట్టీ ఒకటి చేతికి ఇస్తారు. గేటుకీ, లాకరుకీ, క్యాబిన్‌కీ అదే తాళం. అమ్మగారి కోసం లాకరు కాకుండా క్యాబిన్ తీసుకోండి. గదిలాంటిది, తలుపేసుకుని కూర్చుని బట్టలు మార్చుకోవచ్చు. తువ్వాళ్ళు ఇంటి నుంచే తీసుకెళ్ళండి.

పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు వేడి కొలనులు మంచివి కాదని ఇక్కడి వైద్యులు ఎప్పటి నుంచో చెప్తారు, ఈమధ్య నిబంధనలు ఇంకా బిగించారు. కాబట్టి పాపను లుకాచ్‌కు తీసుకెళ్ళే ఆలోచన వద్దు. మార్గరెట్ ద్వీపంలో పాలాటినుస్ అని కుటుంబాలు వెళ్ళే చోటు ఉంది. మీవారు పాపతో అటు, మీరూ అమ్మగారూ ఇటు. వంతెన ఒక్కటే తేడా.

కరీంనగర్_సందీప్ | సోమవారం రాత్రి 8:30

పాప కోసం ఇంకొకటి చెప్త అక్కా. సెచెన్యి పక్కనే జూ ఉంటది. ఆ బోరు వేడినీళ్ళు జూకు గూడ పోతయి. నీటి ఏనుగులు చలికాలం అంత ఆ గోరువెచ్చటి నీళ్ళల్లనే ఉంటయి. అక్కడికి పోయే మెట్రో, ఎం1, 1896 నాటిది. భూమి కింద మెట్రోలల్ల లండన్ తర్వాత అంత పాతది యూరప్‌ల ఇదే. చిన్న పసుపు పెట్టెలు, మెట్లు గూడ తక్కువే, అమ్మకు కష్టం కాదు. నీళ్ళల్ల దిగకున్నా ఆ బంగ్లా బయట నుంచి చూసి రాండ్రి.

పాత_బుడా_చరిత్ర | మంగళవారం ఉదయం 6:50

ఇంతసేపూ రుదాష్ స్నానశాల పేరు ఎవరూ ఎత్తలేదు! ఈ ఊళ్ళో ఒక్క స్నానశాలే చూసే వీలుంటే నేను దానికే ఓటేస్తాను.

తురుష్కుల కాలంలో బుడా పాలకుడు సొకొల్లు ముస్తఫా పాషా పదహారో శతాబ్దంలో కట్టించాడు. నాలుగున్నర శతాబ్దాలుగా అదే గుమ్మటం, పది మీటర్ల వెడల్పు, ఎనిమిది స్తంభాల మీద. కింద ఎనిమిది మూలల కొలను, నీళ్ళు 36 డిగ్రీలు. హాలు నాలుగు మూలల్లో నాలుగు చిన్న తొట్లు: 28, 30, 33, 42 డిగ్రీలవి. గుమ్మటానికి చిన్న చిన్న గుండ్రటి కన్నాలు, వాటికి రంగు అద్దాలు. మధ్యాహ్నం ఎండ కాస్తే ఆ వెలుతురు గీతలు గీతలుగా ఆవిరిలోంచి దిగి నీటి మీద పడుతుంది. ఎరుపు మచ్చ, పచ్చ మచ్చ. పొద్దు జరిగేకొద్దీ అవీ మెల్లగా జరుగుతాయి. గొంతెత్తి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే గుసగుస కూడా ఆ గుమ్మటానికి తగిలి తిరిగొస్తుంది.

ఇంకో మేలు, పాత తురుష్క భాగంలో మంగళవారం ఆడవాళ్ళకే. మిగతా వారం ఎక్కువ మగవాళ్ళది, వారాంతంలో అందరికీ. పద్మగారి అమ్మగారి మొహమాటానికి మంగళవారమే విరుగుడు.

ఆ కాలపువే ఇంకో రెండు ఉన్నాయి. కిరాయ్‌కి సొంత ఊట లేదు. కోట ముట్టడిలో ఉన్నా స్నానం ఆగకూడదని గోడల లోపల కట్టి, లుకాచ్ వైపు నుంచి గొట్టాలతో నీళ్ళు తెచ్చుకున్నారు. 2020లో మరమ్మతులకని మూశారు. వెలి బేయ్ మాత్రం లుకాచ్ పక్కనే ఉంది, ఒక మఠం ఆసుపత్రి వాళ్ళు నడుపుతారు, చిన్నది, నిశ్శబ్దం. మధ్యాహ్నం కొన్ని గంటలు మూసి ఉంటుంది, వేళ చూసుకుని వెళ్ళాలి.

జొల్నయ్ పింగాణీ టైల్స్ మెరిసే గెలెర్ట్ స్నానశాల, 1918 నాటిది, 2025 అక్టోబరులో మూసేశారు. పెద్ద మరమ్మతు, ఏళ్ళు పడుతుంది. పాత వీడియోలు చూసి అక్కడికి వెళ్ళకండి.

ఫిజియో_మాధవి | మంగళవారం ఉదయం 9:15

రుదాష్ గురించి ఒక్క మాట. మధ్య కొలనులోకి దిగే మెట్లు రాతివి, పాతవి, తడిగా ఉంటాయి. చీకటి కూడా. పద్మ ముందు దిగి, కింద నిలబడి చెయ్యి అందించాలి. అమ్మ పక్కకు తిరిగి, నొప్పి తక్కువున్న కాలు వెనక ఉంచి, ఎక్కువున్న కాలు ముందు దించాలి. ఎక్కేటప్పుడు దీనికి తిరగేసి. 33 తొట్టి, ఆ తరువాత 36 కొలను, అంతే. 42 లోకి వద్దు.

బుడా_వాసి | మంగళవారం ఉదయం 11:40

చరిత్ర గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. నేను లుకాచ్ అన్నది వైద్యం దృష్టితో. రెండు రోజులుంటే రెండూ చేయొచ్చు. బుడాపెస్ట్ కార్డు కొంటే అందులో లుకాచ్‌కు ఒక ప్రవేశం కలిసే ఉంటుంది, ట్రాములూ మెట్రోలూ ఎలాగూ అందులోనే. రుదాష్ పైకప్పు మీద డాన్యూబ్ కనిపించే కొలను ఒకటి ఉంది. అది వేరే విభాగం, ఆడా మగా అందరూ కలిసే ఉంటారు. శుక్ర, శని రాత్రుళ్ళు తెల్లవారుజాము దాకా తెరిచే ఉంచుతారు. అది కుర్రాళ్ళకు బాగుంటుంది.

లుకాచ్‌లో ఈదే కొలనులోకి దిగితే తలకు ఈత టోపీ ఉండాలి. వేడినీటి కొలనులకు అక్కర్లేదు.

అనకాపల్లి_పద్మ | మంగళవారం రాత్రి 9:05

అమ్మా నేనూ కూర్చుని నిర్ణయించేశాం. సోమవారం సాయంత్రానికి చేరతాం. మంగళవారం ఉదయం రుదాష్, ఆడవాళ్ళ రోజు. బుధవారం విశ్రాంతి, పాపతో జూ, ఎం1 మెట్రో. గురువారం లుకాచ్, అప్పుడు మావారూ పాపా పాలాటినుస్. ఈత దుస్తులు నిన్ననే ఆర్డరు పెట్టాను, మోకాళ్ళ దాకా వచ్చేవి. డాక్టరుతో శుక్రవారం అపాయింట్‌మెంటు తీసుకున్నాను.

అమ్మ ఒక ప్రశ్న అడగమంది: ఆ నీళ్ళు తాగుతారట కదా, నిజమేనా?

పాత_బుడా_చరిత్ర | మంగళవారం రాత్రి 9:50

నిజమే. అందుకోసం వేరే మంటపాలే కట్టారు. లుకాచ్ దగ్గర 1937లో కట్టింది ఉంది, రుదాష్ దగ్గర, ఎలిజబెత్ వంతెన పక్కన ఇంకొకటి. ఊరివాళ్ళు సీసాలు పట్టుకొస్తారు. కొలనులోని నీళ్ళు మాత్రం తాగకూడదు, మంటపంలో పట్టి ఇచ్చినవే.

ఫిజియో_మాధవి | మంగళవారం రాత్రి 10:20

అమ్మను ఒక గుక్క రుచి చూడనివ్వు, అంతకన్నా వద్దు. ఖనిజాలు దండిగా ఉండే నీళ్ళు అవి, బీపీ మందు వాడేవాళ్ళు గ్లాసులకు గ్లాసులు తాగకూడదు. దాహానికి మామూలు నీళ్ళ సీసా సంచిలో పెట్టుకో.

బుడా_వాసి | బుధవారం ఉదయం 7:10

బయల్దేరే ముందు వారం రుదాష్ వేళలు ఒకసారి వాళ్ళ వెబ్‌సైటులో చూసుకోండి పద్మగారూ, పండుగ వారంలో మారుస్తుంటారు. క్రిస్మస్ ముందు రోజు చాలా స్నానశాలలు త్వరగా మూసేస్తారు, ఆ తేదీ తప్పించండి. స్టేషను నుంచి రుదాష్‌కు రావాలంటే 7 నంబరు బస్సు కెలెతి స్టేషను ముందే ఎక్కొచ్చు, వంతెన దాటగానే దిగాలి. మీ రైలు దిగేది కెలెతిలోనా కాదా అని టికెట్టు మీద చూసి ఇక్కడ పెట్టండి, మిగతా దారి నేను రాస్తాను.